స్వల్పవ్యయముతో ఇంటియందే కంప్యూటరును కూర్చుకొను విధము

మన సారపాక పరిసరములలో సుబాబులు, జామాయిలు కఱ్ఱ అమ్మిన సొమ్ము గాని, మిరప, పత్తి పంటల సొమ్ము గాని చేతికి వచ్చినప్పుడు ఇంటికొక కంప్యూటరు కొనవలెనను తలంపు ఇటీవల పెక్కు కుటుంబములలో పుట్టుచున్నది. పిల్లల చదువునకు కొందఱు, పొలము లెక్కలకు కొందఱు, ఊరిలో చిన్న సేవాకేంద్రము పెట్టుకొని బ్రతుకుట కొఱకు కొందఱు దీనిని కోరుచున్నారు. మన సంఘ సభ్యులలో పలువురు, అంగడిలో సిద్ధముగా నున్న యంత్రమును కొనుట మేలా, భాగములను విడివిడిగా కొని ఇంటియందే కూర్చుకొనుట మేలా అని మమ్ము అడుగుచున్నారు. అందుచేత ఈ మాసమున ఆ విషయమునే పాఠముగా వ్రాయుచున్నాము.

మొదటనే ఒక మాట చెప్పవలసియున్నది. తక్కువ సొమ్ముతో యంత్రమును కూర్చువారు సాధారణముగా కంటికి కనబడు వానిపై ఖర్చుపెట్టి, కనబడని వానిపై పొదుపు చేయుదురు. ఇది తలక్రిందులైన పద్ధతి. వేగము కొంచెము తగ్గినచో పని ఆలస్యమగును, అంతే. విద్యుత్తును సరిచేయు భాగము చెడినచో యంత్రమంతయు పోవును; లెక్కలను దాచు భాగము చెడినచో సంవత్సరముల కష్టమే పోవును. కాబట్టి పొదుపు వేగముపైనను, మెఱుపులపైనను చేయవలెను గాని రక్షణపై చేయరాదు. ఈ పాఠమున కంతటికిని ఇదియే సారము.

1. పని యేమో ముందు వ్రాసికొనుడు

నాలుగెకరముల మాగాణికి పది హెచ్.పి. మోటారు బిగించు రైతును మనము తెలివిగలవాడనము. బావిలో నీరెంత, పారవలసిన నేల యెంత అని చూచి మోటారును ఎన్నుకొందుము. కంప్యూటరు విషయమునను ఇంతే. అంగడికి పోవుటకు ముందు, ఈ యంత్రముతో ఇంటిలో ఎవరెవరు ఏయే పని చేయుదురో కాగితముపై వ్రాసికొనవలెను.

పంట సహాయపు సొమ్ము జమ అయినదా లేదా అని చూచుటకును, ధరలు తెలిసికొనుటకును కంప్యూటరు అక్కఱలేదు. చేతిలోని ఫోను చాలును. కూలి లెక్కలు, ఎఱువుల ఖర్చు, అప్పు వాయిదాలు పట్టికలుగా వ్రాయుట, ఉత్తరములు టైపు చేయుట, పిల్లలు పాఠములు చూచుట మొదటి తరగతి పనులు. వీనికి సామాన్యమైన యంత్రము చాలును. ఫొటోలు దిద్దుట, ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొనుట రెండవ తరగతి పనులు. వీనికి ర్యామ్ కొంచెము హెచ్చుగా కావలెను. వీడియోలు కూర్చుట, పెద్ద ఆటలు ఆడుట మూడవ తరగతివి. వీనికి ప్రత్యేకమైన గ్రాఫిక్సు కార్డు కావలెను. అదొక్కటియే మిగిలిన యంత్రమంత ధర పలుకవచ్చును. మన ఇండ్లలో నూటికి తొంబదిమందికి మొదటి రెండు తరగతులు దాటవని మా అభిప్రాయము. మూడవ తరగతికి ఆశపడి అప్పుచేయవద్దని సభ్యులకు మనవి.

2. వేర్వేరు కంపెనీల భాగములు ఒకదానికొకటి ఎట్లు కుదురును?

ఈ సందేహము పలువురికి కలదు. 1981వ సంవత్సరమున అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీవారు తమ చిన్న కంప్యూటరును విడుదల చేసినప్పుడు, అందులోని భాగములను పెక్కింటిని బజారులో దొరకునట్టి వానితోనే కూర్చిరి. దానిని చూచి ఇతరులును అదే కొలతలతో భాగములు చేయనారంభించిరి. 1995లో ఇంటెల్ కంపెనీవారు ఏ.టి.ఎక్స్. అను కొలతను ప్రకటించిరి. మదర్‌బోర్డునకు మరలు ఎక్కడ బిగియవలెను, కరెంటు తీగె ఎట్లు కలియవలెను మున్నగునవి దానిచే నిర్ణయింపబడినవి. ఒక ఊరి వడ్రంగి చేసిన చక్రము మఱియొక ఊరి ఇరుసునకు పట్టవలెనన్న ఇద్దఱును ఒకే కొలత పాటింపవలెను గదా! అట్టి యేర్పాటే ఇది. అయినను అన్ని భాగములును అన్నిటికిని పట్టవు. ఎక్కడ పట్టునో, ఎక్కడ పట్టదో తెలిసికొనుటయే ఈ విద్యలో ముఖ్యము.

3. భాగములు, వానిని ఎన్నుకొను క్రమము

(అ) ఎస్.ఎం.పి.ఎస్.: గోడలోనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి మిగిలిన భాగములకు పంచు పెట్టె ఇది. అందఱును కడపట కొనెడి దీనిని మేము మొదట చెప్పుటకు కారణము కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట మేమును ఒక యంత్రమును కూర్చితిమి. పొదుపు చేయుచున్నామనుకొని, క్యాబినెట్టుతోపాటు ఉచితముగా వచ్చిన ఎస్.ఎం.పి.ఎస్.ను అట్లే వాడితిమి. దానిపై 450 వాట్లని అచ్చువేసియుండెను గాని, ఎత్తిచూచిన ఖాళీ డబ్బావలె తేలికగా నుండెను. రెండవ వానకాలమున ఒక సాయంకాలము కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు టప్పుమని చప్పుడైనది. మాడిన వాసన వచ్చినది. మదర్‌బోర్డును, డిస్కును దానితోనే పోయినవి. మూడేండ్ల లెక్కలను చీటీలు, రసీదులు వెదకి మరల వ్రాయుటకు రెండు మాసములు పట్టినది. కొన్ని చీటీలు దొరకనే లేదు. వేయి రూపాయలు మిగిల్చుకొనబోయి అంతకు పదిరెట్లు పోగొట్టుకొంటిమి.

గ్రాఫిక్సు కార్డు లేని సామాన్య యంత్రము పనిచేయునప్పుడు వంద వాట్లకు మించి అరుదుగా తీసికొనును. కావున 400 లేక 450 వాట్ల పెట్టె చాలును. కాని ఆ వాట్లు నిజమైనవి కావలెను. పేరుపడిన కంపెనీదై, ‘80 ప్లస్’ అను గుర్తు గలదై, కనీసము మూడు సంవత్సరముల వారంటీ గలదానిని కొనవలెను. ఈ గుర్తునకు అర్థమేమనగా, పరీక్షలో ఆ పెట్టె తాను తీసికొన్న విద్యుత్తులో నూటికి 80 పాళ్లకు తక్కువగాకుండ భాగములకు అందించినదని. ఇది మన్నికకు హామీ కాదు. అందుచేతనే వారంటీనికూడ చూడుమనుచున్నాము.

(ఆ) ప్రాసెసరు: లెక్కచేయు భాగమిదియే. ఇంటెల్, ఏ.ఎం.డి. అను రెండు కంపెనీలవి మన బజారులో దొరకును. తక్కువ ఖర్చుతో కూర్చువారు గ్రాఫిక్సు తనలోనే కలిగియున్న ప్రాసెసరును కొనవలెను. ఇచ్చట ఒక్క అక్షరము మోసము చేయును. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ అను అక్షరమున్నచో అందు గ్రాఫిక్సు లేదని అర్థము. ధర తక్కువయని దానిని కొని తెచ్చినవారు తెరపై బొమ్మ రాక, మరల కార్డు కొనవలసివచ్చును. ఏ.ఎం.డి. వారి 5000 వరుసలో అంకెల పిదప ‘జి’ అను అక్షరమున్న వానియందే గ్రాఫిక్సు కలదు. ఉదాహరణమునకు 2022 జనవరిలో విడుదలయైన ఇంటెల్ ఐ3-12100 నాలుగు కోర్లు గలది. 2021లో వచ్చిన ఏ.ఎం.డి. రైజెన్ 5 5600జి ఆఱు కోర్లు గలది. మనము చెప్పిన మొదటి రెండు తరగతుల పనులకు ఇట్టివి చాలును. ఈ సంవత్సరము క్రొత్తగా వచ్చినదే కావలెనను పట్టుదల అనవసరము.

(ఇ) మదర్‌బోర్డు: అన్ని భాగములును కూర్చుండు పీట ఇది. దీనిని ప్రాసెసరునుబట్టి కొనవలెను. ప్రాసెసరు కూర్చుండు గూటిని సాకెట్టు అందురు. పైన చెప్పిన ఇంటెల్ ప్రాసెసరునకు ఎల్.జి.ఏ. 1700 సాకెట్టును, ఏ.ఎం.డి. దానికి ఏ.ఎం.4 సాకెట్టును గల బోర్డు కావలెను. ఒకదానిది మఱియొకదానికి పట్టదు. అంగడివానిని నాలుగు ప్రశ్నలు అడుగవలెను. ఈ బోర్డు ఈ ప్రాసెసరును ఇప్పుడున్న స్థితిలోనే గుర్తించునా? దీనికి డి.డి.ఆర్.4 ర్యామ్ పట్టునా, డి.డి.ఆర్.5 పట్టునా? ర్యామునకు గూళ్లు రెండున్నవా? ఎం.2 అను డిస్కు గూడు కలదా? ఈ నాలుగింటికి సరియైన జవాబు వచ్చినచో, రంగుదీపములు గల ఖరీదైన బోర్డు మనకు పనిలేదు.

(ఈ) ర్యామ్: పనిచేయునప్పుడు కాగితములు పఱచుకొను బల్లవంటిది ర్యామ్. బల్ల చిన్నదైనచో ఒకటి తీసి మఱియొకటి పెట్టుకొనుచు కాలము గడచిపోవును. గ్రాఫిక్సు ప్రాసెసరులోనే యున్నప్పుడు అదియు ఈ ర్యాములోనే కొంత వాడుకొనును. కనీసము 8 జి.బి. ఉండవలెను, 16 జి.బి. ఉన్నచో సుఖము. ఒకే 16 జి.బి. పలకకంటె రెండు 8 జి.బి. పలకలు జతయెడ్లవలె వేగముగా పనిచేయును. 2025వ సంవత్సరపు చివరి మాసములలో కృత్రిమ మేధా కేంద్రములు మెమొరీని విస్తారముగా కొనుటచే ర్యామ్ ధరలు మిక్కిలి పెరిగినవి. సొమ్ము చాలనివారు నేడు ఒక 8 జి.బి. పలకతో ఆరంభించి, రెండవ గూటిని ఖాళీగా నుంచి, వచ్చే పంటకు రెండవది చేర్చుకొనవచ్చును. డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 పలకల గాట్లు వేర్వేరు చోట్ల నుండును. ఒకదానిని మఱియొకదాని గూటిలో బలవంతముగా నొక్కరాదు.

(ఉ) ఎస్.ఎస్.డి.: లెక్కలను దాచు గాదె ఇది. పాత హార్డ్‌డిస్కులో పళ్లెము తిరుగుచుండును. కుదుపునకు చెడవచ్చును, నెమ్మదియైనది. ఎస్.ఎస్.డి.లో తిరుగు భాగమే లేదు. పాత యంత్రమునకు సైతము హార్డ్‌డిస్కును తీసి ఎస్.ఎస్.డి. పెట్టినచో క్రొత్త ప్రాణము వచ్చినట్లుండును. 256 జి.బి. కనీసము, 500 జి.బి. గలది దొరకినచో చాలకాలము చాలును. పేరు తెలియని కంపెనీ ఎస్.ఎస్.డి.ని, నమ్మశక్యముగాని ధరకు అమ్మెడి పెద్ద పెన్‌డ్రైవులను కొనరాదు. అట్టివానిలో వ్రాసిన చోటు లోపల ఉండకుండుట కద్దు.

(ఊ) క్యాబినెట్టు, మానిటరు: క్యాబినెట్టు గాలి ముందునుండి దూరి వెనుకనుండి పోవునట్లుండిన చాలును. అద్దపు పలకలు, రంగుదీపములు మన పనికి అక్కఱలేదు. మానిటరు 22 అంగుళములది సరిపోవును. బోర్డుమీదను, మానిటరుమీదను హెచ్.డి.ఎం.ఐ. అను రంధ్రము ఉన్నదో లేదో చూచుకొనవలెను.

4. రూపాయిని పంచు పద్ధతి

మన పెద్దలు రూపాయిని పదునాఱు అణాలుగా లెక్కించిరి. ఆ లెక్కనే ఇచ్చట వాడుదము. పెట్టెలోని భాగములకు ఖర్చుపెట్టు ప్రతి రూపాయిలోను సుమారుగా ఇట్లు పంచవలెను:

ప్రాసెసరునకు — 4 అణాలు
ర్యామునకు — 4 అణాలు
మదర్‌బోర్డునకు — 3 అణాలు
ఎస్.ఎస్.డి.కి — 2 అణాలు
ఎస్.ఎం.పి.ఎస్.నకు — 2 అణాలు
క్యాబినెట్టునకు — 1 అణా

ఒక రైతు ఈ ఆఱింటికి 32,000 రూపాయలు కేటాయించెననుకొందము. అణా ఒక్కింటికి 2,000 చొప్పున ప్రాసెసరునకు 8,000, ర్యామునకు 8,000, బోర్డునకు 6,000, ఎస్.ఎస్.డి.కి 4,000, ఎస్.ఎం.పి.ఎస్.నకు 4,000, క్యాబినెట్టునకు 2,000 అగును. ధరలు వారమువారము మారును గనుక ఈ లెక్క త్రాసువలె ఉపయోగపడును గాని ధరలపట్టిక కాదు. సొమ్ము తగ్గింపవలసి వచ్చినచో ప్రాసెసరు, ర్యాములలో తగ్గించుడు, ఎస్.ఎం.పి.ఎస్. భాగమును మాత్రము తాకవద్దు. మానిటరు, కీబోర్డు, మౌసు, యు.పి.ఎస్. దీనికి వేఱుగా చూచుకొనవలెను.

5. వాడిన యంత్రము కొనవచ్చునా?

కొనవచ్చును, కాని తరము చూడవలెను. మైక్రోసాఫ్టు కంపెనీవారు విండోస్ 10కి సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించిరి. విండోస్ 11 పెట్టుకొనుటకు, స్థూలముగా చెప్పిన, ఇంటెల్ ఎనిమిదవ తరము గాని అంతకు క్రొత్తది గాని కావలెను, టి.పి.ఎం. 2.0 అను రక్షణ యేర్పాటును ఉండవలెను. అంతకు పాతవి కార్యాలయములనుండి తక్కువ ధరకు బయటికి వచ్చుచున్నవి. అట్టిదానిని విండోస్ కొఱకు కొనినవాడు మోసపోవును. లినక్సు కొఱకు కొనినవాడు లాభపడవచ్చును. లినక్సు ఉచితముగా లభించును. లిబ్రె ఆఫీసు అను ఉచిత సాధనముతో లెక్కలు, ఉత్తరములు, తెలుగు వ్రాత అన్నియు సాగును. పాత యంత్రము కొనినవారు ఎస్.ఎస్.డి.ని, అవసరమైనచో ఎస్.ఎం.పి.ఎస్.ను క్రొత్తవి పెట్టుకొనవలెను.

6. కొనుట, కూర్చుట

హైదరాబాదు జంటనగరములలో సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటరు భాగముల బజారుగా పేరుపడినది. అంతదూరము పోలేనివారు ఖమ్మము, విజయవాడలలోను, ఇంటర్నెట్టు అంగళ్లలోను కొనవచ్చును. ఎచ్చట కొనినను మూడు నాలుగు చోట్ల ధర విచారించి, జి.ఎస్.టి.తో కూడిన బిల్లు తీసికొనవలెను. బిల్లు లేకుండ ఇచ్చెదము, పన్ను మిగులునని చెప్పు మాట వినరాదు. పన్ను మిగులును గాని, చెడినప్పుడు వారంటీ యుండదు. భాగములపై నంబర్లు బిల్లుపై వ్రాయించుకొనుడు, అట్టపెట్టెలను పారవేయవద్దు.

కూర్చునప్పుడు తొందర పనికిరాదు. ఎండిన వేసవి గాలిలో మన ఒంటిపై పుట్టు స్థిరవిద్యుత్తు భాగములను చెఱుపగలదు. కావున ముందుగా క్యాబినెట్టు ఇనుమును చేతితో తాకి పిదప భాగములను ముట్టవలెను. ప్రాసెసరు మూలనున్న చిన్న త్రిభుజపు గుర్తును సాకెట్టు గుర్తుతో కలిపి, తనంతట తాను కూర్చుండునట్లు మెల్లగా విడువవలెను. నొక్కినచో సూదులు వంగును. దానిపై చల్లబఱచు ఫ్యాను, పిదప ర్యామ్, ఎస్.ఎస్.డి. బిగించి, బోర్డును క్యాబినెట్టులో ఎక్కించి, కడపట ఎస్.ఎం.పి.ఎస్. తీగెలను కలుపవలెను. బోర్డునకు పెద్ద తీగె ఒకటి, ప్రాసెసరునకు వేఱుగా చిన్న తీగె ఒకటి కలవు. ఈ రెండవదానిని మఱచి యంత్రము చెడినదని భయపడువారు పెక్కుమంది.

7. మన ప్రాంతమునకు తగిన జాగ్రత్తలు

పట్టణమువారికి వ్రాసిన పుస్తకములలో కనబడని సంగతులు కొన్ని మనకు కలవు.

ఎర్తు: మన ఇండ్లలో మూడు రంధ్రముల ప్లగ్గులున్నను, మూడవ రంధ్రమునకు తీగె లేకుండుట తఱచు. ఎలక్ట్రీషియనుచే పరీక్ష చేయించి, సరియైన ఎర్తు వేయించిన పిదపనే యంత్రమును కలుపవలెను. యు.పి.ఎస్. తప్పక ఉండవలెను. 600 వి.ఏ. గల చిన్నది, కరెంటు పోయినప్పుడు పని భద్రపఱచి యంత్రమును ఆపుటకు చాలినంత సమయమిచ్చును. ఉఱుములు మెఱుపులు ఆరంభమైనప్పుడు స్విచ్చి ఆపుట చాలదు. ప్లగ్గును, ఇంటర్నెట్టు తీగెను రెంటిని ఊడదీయవలెను.

వేడి, ధూళి: వేసవిలో మనకు 45 డిగ్రీలు దాటు దినములు కలవు. క్యాబినెట్టును గోడకు జానెడు దూరమున, రేకుల వేడి తగలనిచోట ఉంచవలెను. పత్తి నూగు, మిరప ధూళి గల గదిలో పెట్టరాదు. రెండు మూడు మాసముల కొకసారి ప్లగ్గు ఊడదీసి, మెత్తని కుంచెతో ధూళి తుడువవలెను. వెనుకనున్న ఖాళీ సందులను మూసినచో బల్లులు, చీమలు దూరవు.

వరద: గోదావరిని మఱచి మనము ఏ వస్తువును కొనరాదు. భద్రాచలము వద్ద 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నీరు వచ్చినది. 2022లో మన బూర్గంపాడు మండలములోని పల్లెలు నీటిపాలగుట మనమెఱిగినదే. మొదటి హెచ్చరిక 43 అడుగుల వద్దను, రెండవది 48, మూడవది 53 అడుగుల వద్దను ఇత్తురు. రెండవ హెచ్చరిక వినబడగానే యంత్రమును అటకపైకి గాని, మెఱకనున్న బంధువుల ఇంటికి గాని చేర్చుడు. అందుకు వ్యవధి లేకున్నచో ప్లగ్గు ఊడదీసి, నకలున్న డిస్కు నొక్కదానినైనను వెంట తీసికొనిపొండు. యంత్రమును మరల కొనవచ్చును గాని లెక్కలను కొనలేము.

నకళ్లు: ముఖ్యమైన లెక్కలు మూడుచోట్ల నుండవలెను. యంత్రములో ఒకటి, విడిగా తీసి దాచిన డిస్కులో ఒకటి, ఇంటర్నెట్టుపై గాని మఱియొక ఊరిలోని నమ్మకమైన వారియొద్ద గాని ఒకటి. నెలకొకసారి పౌర్ణమి నాడని నియమము పెట్టుకొనినచో మఱపు రాదు.

8. కలిసి కొనుట

2022 జూన్‌లో కేంద్రప్రభుత్వము 2,516 కోట్ల రూపాయల అంచనాతో 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలో కంప్యూటర్లు నెలకొల్పు పథకమును ఆమోదించినది. సంఘపు ఖాతా కంప్యూటరుపై నడచునప్పుడు, సభ్యుడును తన ఇంటి ఖాతాను చదివి సరిచూచుకొనగలిగినగాని లెక్కకు బలము రాదు. కావున ఇది కేవలము పిల్లల వేడుక కాదు.

ఈ పనిలోను సహకారమునకు చోటు కలదు. ఐదుగురు సభ్యులు కలిసి ఒకే జాబితా వ్రాసికొని, ఒకే ప్రయాణమున కొనినచో ధర కొంత దిగును, దారిఖర్చు ఐదవవంతగును. అందఱి యంత్రములును ఒకే తీరుగా నున్నచో, ఒకరిది చెడినప్పుడు మఱియొకరి ర్యామ్ పెట్టి చూచి దోషమెక్కడనో గుర్తింపవచ్చును. ఐదుగురును తలకొంత వేసి ఒక ఎస్.ఎం.పి.ఎస్.ను అదనముగా కొని ఉంచినచో వానకాలమున ఎవరి పనియు ఆగదు. మొదటి యంత్రమును తెలిసినవారిచే కూర్పించి, మిగిలిన నలుగురు దగ్గఱనుండి చూచినచో, రెండవదానిని వారే కూర్పగలరు.

ఈ పాఠమును చదివి భాగముల జాబితా వ్రాసికొనిన సభ్యులు, కొనుటకు ముందే దానిని మాకు చూపినచో, ఒకదానికొకటి కుదురునో లేదో చూచి చెప్పుదుము. కొనిన పిమ్మట చూపుటకంటె కొనకముందు చూపుట మేలు.